అన్నీ ఆకాశవాణి కేంద్రాలే అయినప్పుడు వాటి మధ్య పోటీ ఎలా ఉండేది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: "మా రోజుల్లో విజయవాడ స్టేషన్ గొప్పదా, హైదరాబాద్ స్టేషన్ గొప్పదా అని ఇళ్లలో వాదించుకునేవాళ్లం" అని మీ మామయ్యగారు చెబుతుంటారు. అప్పట్లో ఉన్నవన్నీ ప్రభుత్వ కేంద్రాలే. యజమాని ఒక్కరే అయినప్పుడు పోటీ ఎక్కడిది? అసలైన పోటీ ప్రైవేట్ ఎఫ్‌ఎంలు వచ్చాకే కదా మొదలైంది?

మీ మామయ్యగారి మాట నిజమే. పోటీ ఉండేది, గట్టిగానే ఉండేది. కాకపోతే అది ప్రకటనల డబ్బు కోసం కాదు. మా కార్యక్రమం బాగుందా, మీది బాగుందా అన్న పోటీ. అందుకే ఏ కేంద్రానికి ఆ కేంద్రం తనదైన ముద్ర వేసుకుంది. 2006 తర్వాత హైదరాబాద్‌లో ప్రైవేట్ ఎఫ్‌ఎంలతో వచ్చింది ఇంకో రకం పోటీ. అందులో వేగం ఎక్కువ, డబ్బు ఎక్కువ, టెన్షన్ ఎక్కువ. కానీ ఆ పోటీలో నాలుగు స్టేషన్లూ కొన్నేళ్లకే ఒకేలా వినిపించడం మొదలుపెట్టాయి. పోటీ పెరిగితే వైవిధ్యం పెరుగుతుందని అందరూ అనుకుంటారు. మన దగ్గర రేడియోలో జరిగింది దానికి పూర్తిగా ఉల్టా. ఎందుకలా జరిగిందో రెండు వైపులా పనిచేసినవాడిగా నేను చూసినంత వరకు చెబుతాను.

నేను పెరిగింది ఖమ్మం దగ్గర. కొన్నేళ్లు ఆకాశవాణిలో క్యాజువల్ (పర్మనెంట్ కాని) అనౌన్సర్‌గా చేశాను. తర్వాత హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ ఎఫ్‌ఎం ప్రోగ్రామింగ్‌లో పనిచేశాను. సంస్థల పేర్లు ఇక్కడ అవసరం లేదు.

ముందు ఒక విషయం. తెలుగు శ్రోతకి ఎంచుకునే వీలు మొదటినుంచీ ఉంది. 1938లో మద్రాసు కేంద్రం మొదలైనప్పటినుంచి అక్కడి నుంచే తెలుగు కార్యక్రమాలు వచ్చేవి. ఇటు హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో వేరేగా నడిచేది. 1948 డిసెంబర్ 1న విజయవాడ కేంద్రం వచ్చింది. 1950 ఏప్రిల్‌లో దక్కన్ రేడియోని కేంద్ర ప్రభుత్వం తీసుకుని ఆకాశవాణిలో కలిపింది. 1963లో కడప, విశాఖపట్నం వచ్చాయి. అంటే విజయవాడ, హైదరాబాద్ కేంద్రాలు పుట్టుకలోనే వేరు. ఒకటి మద్రాసు సంప్రదాయంలో పెరిగింది. రెండోది ఉర్దూ, తెలుగు కలగలిసిన ఒక సంస్థానపు రేడియోకి వారసురాలు. రెండింటికీ పైఅధికారులు ఢిల్లీలోనే ఉన్నా, వినగానే ఏది ఏదో తెలిసిపోయేది.

మా ఖమ్మం వాళ్లకి ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. మాకు విజయవాడ దగ్గర, హైదరాబాద్ కొంచెం దూరం. పగటిపూట రెండూ అందేవి. విజయవాడ మీడియం వేవ్ 358.4 మీటర్లు, అనగా 837 కిలోహెర్ట్జ్. హైదరాబాద్ 406.5 మీటర్లు, అనగా 738 కిలోహెర్ట్జ్. ఆ రోజుల్లో రేడియో విన్న ఎవరినైనా అడగండి, ఈ అంకెలు పాఠంలా అప్పజెబుతారు. డయల్ మీద ఈ రెండింటికీ మధ్య దూరం వేలెడు కూడా ఉండదు. ముల్లు కాస్త ఇటు తిప్పితే విజయవాడ, కాస్త అటు తిప్పితే హైదరాబాద్. ఇంట్లో గొడవంతా ఆ కాస్త కోసమే. మా ఇంట్లో పొద్దున పూట విజయవాడ ఉండాలని నాన్న, సాయంత్రం హైదరాబాద్ పెట్టాలని బాబాయి. ఇలాంటి ఇళ్లు నల్లగొండ, సూర్యాపేట వైపు ఇంకా ఎక్కువ. అటు రాజమండ్రి, కాకినాడ వైపు విజయవాడకీ విశాఖకీ మధ్య ఇదే గొడవ.

చీకటి పడితే కథ మారిపోయేది. మీడియం వేవ్ పగలు నేల వెంబడి పాకుతుంది. రాత్రయితే పైనున్న అయనోస్ఫియర్ తాకి తిరిగి వస్తుంది కాబట్టి ఎక్కడెక్కడి స్టేషన్లూ వచ్చి మీద పడతాయి. విజయవాడ వింటుంటే వెనక సన్నగా ఈల, ఇంకేదో భాషలో మాటలు. అప్పుడు దగ్గరి స్టేషనే గెలుస్తుంది. అందుకే పాత శ్రోతల ఇష్టాయిష్టాల్లో సగం భూగోళమే. మీ మామయ్యగారిది ఏ ఊరో తెలిస్తే ఆయనది ఏ పార్టీయో నేను దాదాపు చెప్పేయగలను.

ఇక ఎవరి బలం ఏమిటి?

విజయవాడ అంటే పొద్దున భక్తిరంజని. బాలాంత్రపు రజనీకాంతరావు గారి చేయి పడిన కార్యక్రమం. ఆయన సంగీతకారుడు, కవి, కేంద్రం డైరెక్టర్ కూడా. అధికారి తానే పాట కట్టగలిగితే ఒక స్టేషన్ ఎలా మారిపోతుందో చూడాలంటే అప్పటి విజయవాడని చూడాలి. తత్వాలు, అధ్యాత్మ రామాయణ కీర్తనలు, స్తోత్రాలు... ఇవన్నీ కచేరీ పాటల్లా కాకుండా ఇంట్లో ఎవరో పాడుకుంటున్నట్టు రికార్డు చేసేవారు. ఇప్పటికీ ఆ రికార్డింగులు వినండి, తంబురా, గొంతు, ఒక వయొలిన్, అంతే. దానికి తోడు ఉషశ్రీ గారి పురాణ ప్రవచనాలు, ధర్మసందేహాలు. నాటకాల్లో నండూరి సుబ్బారావు గారి లాంటివాళ్లు. గొంతుతోనే మనిషి వయసు, కులాసా, కపటం అన్నీ చూపించేవారు.

హైదరాబాద్ బలం వేరు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల పిల్లల కార్యక్రమం. రేడియో అన్నయ్య, అక్కయ్య అంటే తెలియని ఇల్లు లేదు. వాళ్లు మద్రాసులో మొదలుపెట్టి, రాష్ట్రం ఏర్పడ్డాక హైదరాబాద్ వచ్చారు. కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, రాంబాబు, ఏకాంబరం కబుర్లు. ప్రభుత్వ పథకం గురించి చెప్పాల్సి వచ్చినా, ముగ్గురు మనుషులు వాదించుకుంటున్నట్టు చెప్పేవారు. రాత్రి ఉర్దూలో నైరంగ్. తెలుగు ఇళ్లలో కూడా గజళ్ల కోసం దాన్ని వినేవాళ్లు ఉండేవారు. విజయవాడలో ఇది సాధ్యమయ్యేది కాదు, ఆ నేల వేరు.

చూడండి, ఒకరి బలం ఇంకొకరు కాపీ కొట్టలేదు. కొట్టి లాభం లేదు కూడా. ఎందుకంటే శ్రోతని లాక్కుంటే స్టేషన్‌కి పైసా రాదు, పోగొట్టుకుంటే పైసా పోదు. మరి పోటీ ఎందుకుండేది? పరువు కోసం. స్టాఫ్ ఆర్టిస్టులందరికీ అవతలి కేంద్రంలో ఎవరు ఏం చేస్తున్నారో తెలుసు. ఏటా ఆకాశవాణి అవార్డులుండేవి. నాటకమో, రూపకమో, సంగీత కార్యక్రమమో పంపాలి. "ఈసారి విజయవాడ వాళ్లు ఏం పంపుతున్నారట?" అన్న ప్రశ్న డ్యూటీ రూమ్‌లో నేను చాలాసార్లు విన్నాను. మంచి కథకుడిని, మంచి గాయకుడిని ముందు ఎవరు పిలిచారన్నది కూడా పెద్ద విషయం.

ఇంకో కొలమానం ఉత్తరాలు. జనరంజని లాంటి కోరిన పాటల కార్యక్రమానికి 15 పైసల కార్డులు కట్టలు కట్టలుగా వచ్చేవి. కార్డు మీద పాట పేరు, సినిమా పేరు, కింద ఇంటిల్లిపాది పేర్లు, పక్కింటివాళ్ల పేర్లు. ముందు వాటిని పాటల వారీగా విడదీయాలి. ఒకే పాట అడిగిన కార్డులన్నీ ఒక రబ్బరు బ్యాండు కింద. తర్వాత ఊళ్లు చూసుకోవాలి. ఒకే ఊరి పేర్లు వరసగా చదివితే మిగతా ఊళ్ల వాళ్లు నిష్ఠూరంగా ఉత్తరం రాస్తారు. పాట మొదలయ్యే ముందు ఉన్న టైమ్‌లో ఎన్ని పేర్లు పడతాయో అంచనా వేసుకుని, చేతిరాత అర్థం కాని కార్డుల మీద పెన్సిల్‌తో పేరు మళ్లీ రాసుకోవాలి. లైవ్‌లో పేరు తప్పు చదివితే ఆ కుటుంబం ఎంత నొచ్చుకుంటుందో తర్వాతి వారం కార్డులో తెలిసేది. వాటిలోనే మధ్య మధ్య "ఫలానా పాట అక్కడ వేశారు, మీ దగ్గర ఎందుకు లేదు?" అని నిలదీసే కార్డులు ఉండేవి. అధికారులు పైకి పట్టించుకోనట్టు ఉన్నా, ఆ కార్డు లైబ్రరీ దాకా వెళ్లేది. డిస్కు ఉందా, లేకపోతే ఎవరి దగ్గర ఉంది అని కనుక్కునేవారు.

అయితే ఆకాశవాణి చేసిన పెద్ద పోటీ ఇవి కాదు, సిలోన్ (ఇప్పటి శ్రీలంక) రేడియోతో చేసింది. 1952లో సమాచార ప్రసార మంత్రిగా వచ్చిన బి.వి.కేస్కర్ గారు సినిమా పాటల్ని బాగా తగ్గించేశారు. శాస్త్రీయ సంగీతం పెరగాలన్నది ఆయన పట్టుదల. శ్రోత ఏం చేశాడు? ముల్లు రేడియో సిలోన్ వైపు తిప్పాడు. హిందీలో అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా సంగతి అందరికీ తెలిసిందే. తెలుగువాళ్లకి సిలోన్ అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గారు. తెలుగు పాటలు ప్రసారమైంది కాసేపే. షార్ట్ వేవ్ కాబట్టి గొంతు అలలు అలలుగా పెరిగి తగ్గేది. అయినా ఆవిడ గొంతు కోసం జనం కాచుకుని కూర్చునేవారు. పాట మొదలై సరిగ్గా పల్లవి దగ్గర మాయమైపోతుంది, చరణంలో మళ్లీ వస్తుంది. ఆ మాయమైన ముక్కని ఇంట్లోవాళ్లే పాడి పూరించేవాళ్లు.

ఆ దెబ్బకి జవాబుగానే 1957 అక్టోబర్‌లో వివిధ భారతి వచ్చింది. 1967 నవంబర్‌లో ముంబై వైపు ప్రకటనలు మొదలయ్యాయి, తర్వాత మన కేంద్రాలకీ వచ్చాయి. కొత్త సినిమా విడుదలకి ముందు నిర్మాతలు ఇచ్చే పదిహేను నిమిషాల ప్రాయోజిత కార్యక్రమాలు గుర్తున్నవాళ్లకి తెలుసు, అవి సినిమా ట్రైలర్ల కంటే ఎక్కువ ఊరించేవి. ప్రభుత్వ రేడియో కూడా శ్రోత లేచి వెళ్లిపోతే మారింది. కాబట్టి "గుత్తాధిపత్యం కాబట్టి పోటీ లేదు" అన్నది పూర్తిగా నిజం కాదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ రోజులన్నీ బంగారం అని నేను అనను. చాలా ఏళ్లు మైకు ముందు ఒకే రకం తెలుగు చెల్లింది. మా ఖమ్మం పలుకుబడి, పాలమూరు పలుకుబడి, శ్రీకాకుళం పలుకుబడి గ్రామీణ కార్యక్రమాల్లోనో నాటకంలో పనిమనిషి పాత్రలోనో వినిపించేవి తప్ప అనౌన్స్‌మెంట్‌లో వినిపించేవి కావు. ఆడిషన్‌లో మంచి గొంతు ఉండి కూడా యాస వల్ల వెనక్కి వెళ్లినవాళ్లు నాకు తెలుసు. హైదరాబాద్ స్టేషనా, విజయవాడ స్టేషనా అన్న వాదనలో ఈ బాధ కూడా కొంత కలిసి ఉండేది. మీ మామయ్యగారు తెలంగాణ వైపు వారైతే ఈ సంగతి ఒకసారి అడిగి చూడండి. ఇది కాక సెన్సారు భయం. ప్రభుత్వాన్ని విమర్శించే మాట టేపులో ఉంటే కత్తెర పడేది. క్యాజువల్స్ పరిస్థితి సరేసరి. నెలకి కొన్ని డ్యూటీలే, చెక్కు ఎప్పుడొస్తుందో తెలియదు.

లోకల్ రేడియో స్టేషన్ల గురించి ఎవరూ పెద్దగా రాయరు. నా దృష్టిలో మన రేడియో చరిత్రలో మంచి అధ్యాయం అదే. 1980ల చివర, 90ల మొదట్లో జిల్లాల్లో చిన్న ఆకాశవాణి కేంద్రాలు వచ్చాయి, ఎక్కువ భాగం ఎఫ్‌ఎంలో. 1986లో ఆదిలాబాద్, 1989లో కొత్తగూడెం, ఆ తర్వాత వరంగల్, నిజామాబాద్, తిరుపతి, అనంతపురం, కర్నూలు లాంటివి. వీటి పరిధి జిల్లా దాటదు. ఆ పరిమితే వీటి బలమైంది. కొత్తగూడెం కేంద్రం రాగానే మా వైపు ఇళ్లలో ఒక మార్పు కనబడింది. అంతవరకు విజయవాడ, హైదరాబాద్ అని కొట్టుకున్నవాళ్లు సాయంత్రం కాగానే మూడో వైపు తిప్పారు. ఎఫ్‌ఎం కాబట్టి శబ్దం శుభ్రంగా ఉండటం ఒక కారణం. అసలు కారణం మాత్రం, తెలిసిన ఊరి పేరు, తెలిసిన మనిషి గొంతు రేడియోలో రావడం. బొగ్గు గని షిఫ్టు నుంచి వచ్చిన మనిషి తన కాలనీ పాటగాడు పాడుతుంటే వింటాడు. పక్క మండలంలో పత్తికి ఏ పురుగు పట్టిందో పక్క మండలం రైతే చెబుతాడు. పెద్ద కేంద్రాల వాళ్లు వీటిని చిన్నచూపు చూశారన్నది నా అభిప్రాయం. కానీ శ్రోతల్ని లాక్కోవడంలో ఈ చిన్నవి పెద్దవాటికి గట్టి పోటీ ఇచ్చాయి. ఖరీదైన నాటకాలు లేకుండా, పేరున్న గాయకులు లేకుండా.

ఇప్పుడు ప్రైవేట్ ఎఫ్‌ఎంల సంగతి.

1999-2000లో మొదటి విడత లైసెన్సులు ఇచ్చినప్పుడు ఫీజు ఏటా 15 శాతం పెరిగే పద్ధతి పెట్టారు. చాలామంది వేలంలో పాడి కూడా వెనక్కి తగ్గారు. హైదరాబాద్‌కి 2006 వరకు ప్రైవేట్ స్టేషన్ రానేలేదు. రెండో విడతలో ఒకసారి కట్టే ఎంట్రీ ఫీజు, తర్వాత ఆదాయంలో 4 శాతం అన్నారు. దాంతో తలుపులు తెరుచుకున్నాయి. రేడియో సిటీ 91.1, బిగ్ 92.7, ఎస్ ఎఫ్‌ఎం 93.5 (తర్వాత అదే రెడ్ ఎఫ్‌ఎం అయింది), మిర్చి 98.3. కొద్ది నెలల తేడాలో నాలుగూ గాల్లోకి వచ్చాయి. అటు ఆకాశవాణి రెయిన్‌బో 101.9, వివిధ భారతి 102.8 ఉన్నాయి.

మొదటి రెండు మూడేళ్లు నిజంగా పండగే. అప్పుడే ఎఫ్‌ఎం ఉన్న మొబైల్ ఫోన్లు చేతుల్లోకి వచ్చాయి. ఇయర్‌ఫోన్ తీగే ఏరియల్, కాబట్టి అది పెడితేనే రేడియో పలికేది. ఆటోల్లో, టైలర్ షాపుల్లో, కిరాణా కొట్లలో ఎక్కడ విన్నా ఎఫ్‌ఎమ్మే. హైదరాబాదీ హిందీ, తెలంగాణ తెలుగు, కోస్తా తెలుగు ఒకే లింకులో (రెండు పాటల మధ్య మాటల్లో) కలిపి మాట్లాడే ఆర్జేలు వచ్చారు. ఆకాశవాణి ఆడిషన్‌లో వెనక్కి పంపిన యాసకి ఇక్కడ ప్రైమ్ టైమ్ దొరికింది. ఈ మేలు మాత్రం ప్రైవేట్ ఎఫ్‌ఎంలదే, దాన్ని ఎవరూ కాదనలేరు.

లోపల ఎలా ఉండేదో చెబుతాను. మా ఆఫీసులో ప్రోగ్రామింగ్ గదిలో ఒక బల్ల మీద రేడియో సెట్లు వరసగా ఉండేవి. ఒక్కోటి ఒక్కో స్టేషన్ మీద. ఒక కుర్రాడు చార్టు పెట్టుకుని ఎవరు ఏ నిమిషానికి ఏ పాట వేశారు, ఎప్పుడు ప్రకటనలకి వెళ్లారు, ఎంతసేపు వెళ్లారు అన్నది రాస్తూ ఉండేవాడు. పొద్దున ఎనిమిది దాటాక పక్క స్టేషన్ ప్రకటనల్లోకి వెళ్లిన నిమిషంలో మన దగ్గర పెద్ద హిట్ పాట మొదలు కావాలి. అవతలి వాళ్ల దగ్గరా ఇలాంటి చార్టే ఉంటుంది కాబట్టి వాళ్లూ అదే చేస్తారు. కొన్నాళ్లకి ఏమైందంటే అందరి బ్రేకులూ ఒకే సమయానికి వచ్చి కూర్చున్నాయి. శ్రోత ఎటు తిప్పినా ప్రకటనే! ఒక స్టేషన్ కొత్త పాట రోజుకి ఎన్నిసార్లు వేస్తే మిగతావాళ్లూ అన్నిసార్లు. ఒక ఆర్జే ప్రాంక్ కాల్స్‌తో పేరు తెచ్చుకుంటే అందరి దగ్గరా ప్రాంక్ కాల్సే. పేరొచ్చిన ఆర్జేని రెట్టింపు జీతం ఇచ్చి పక్కవాళ్లు తీసుకెళ్తారు, అదే షో పేరు మార్చి అక్కడ వస్తుంది.

దీనికి కారణం సృజన లేకపోవడం కాదు. నాతో పనిచేసిన పిల్లలు చాలా తెలివైనవాళ్లు. కారణాలు ఎక్కువ భాగం నిబంధనల్లో, లెక్కల్లో ఉన్నాయి.

వార్తలు చెప్పకూడదు. ప్రైవేట్ ఎఫ్‌ఎంలు సొంతంగా వార్తలు ఇవ్వడానికి అనుమతి లేదు. తర్వాత ట్రాఫిక్, వాతావరణం, పరీక్ష ఫలితాలు, ఉద్యోగ ప్రకటనలు, కరెంటు, నీళ్ల లాంటి విషయాలు చెప్పుకోవచ్చన్నారు. ఆకాశవాణి బులెటిన్ ఉన్నదున్నట్టు వేసుకోవచ్చన్నారు. అంతే. ఊరి గురించి మాట్లాడాల్సిన లోకల్ స్టేషన్‌కి ఊళ్లో జరిగేది చెప్పే హక్కు లేదు. ఇక మిగిలింది సినిమా, ప్రేమ, జోకులు.

స్టేషన్ల సంఖ్య తక్కువ. ఒకే ఊళ్లో రెండు స్టేషన్ల మధ్య 800 కిలోహెర్ట్జ్ దూరం ఉండాలన్న పద్ధతి వల్ల బ్యాండులో చోటు కొద్దిగానే దొరుకుతుంది. అప్పట్లో హైదరాబాద్‌కి నాలుగే లైసెన్సులు, ఒక్కోదానికి భారీ ఎంట్రీ ఫీజు. అంత పెట్టినవాడు పాత పాటల స్టేషనో, సాహిత్యపు స్టేషనో పెడతాడా? అందరూ ఊళ్లో ఎక్కువమంది వినే పాటల మీదే పడతారు. ఇరవై లైసెన్సులు చవగ్గా ఇచ్చి ఉంటే పదిహేనోవాడు వేరే దారి వెతుక్కునేవాడు.

కొలత సరిగ్గా లేదు. శ్రోతల్ని లెక్కపెట్టే ర్యామ్ డైరీల పద్ధతి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, బెంగళూరుల్లో పెట్టారు. హైదరాబాద్‌లో పెట్టలేదు. ఎప్పుడో వచ్చే సర్వేలు, కాంటెస్టులకి వచ్చే కాల్స్, ఎస్సెమ్మెస్‌లు, సేల్స్ వాళ్ల మాట, వీటి మీదే నిర్ణయాలు. లెక్క తెలియనప్పుడు ఎవరూ సాహసం చేయరు. పక్కవాడు చేసిందే చేయడం అన్నిటికంటే క్షేమం.

పాటల రాయల్టీ. 2010 ఆగస్టులో కాపీరైట్ బోర్డు ప్రకటనల నికర ఆదాయంలో 2 శాతం అని తేల్చేదాకా గంటల లెక్కన కట్టాల్సి వచ్చేది. ప్రకటనలు లేని అర్ధరాత్రి గంటకీ ఖర్చు ఉందంటే ప్రయోగాలకి దొరికే ఖాళీ కూడా పోయినట్టే.

చిన్న ఊళ్లలో ఇంకో రకం నష్టం జరిగింది. కొన్నిచోట్ల ప్రైవేట్ స్టేషన్ ఒకటో రెండో. ఖర్చు తగ్గించడానికి కార్యక్రమాలు పెద్ద ఊరి నుంచే తయారై రావడం పెరిగింది. తిరుపతి వాడో, రాజమండ్రి వాడో వింటున్నది తన ఊరి స్టేషనే, కానీ అందులో తన ఊరు ఎంత ఉంది? దీనికంటే పాత జిల్లా ఆకాశవాణి కేంద్రాలే ఎక్కువ లోకల్ అని నేను అంటే నా పాత సహోద్యోగులకి కోపం వస్తుంది. అయినా నా మాట అదే.

నిజమైన లోకల్ రేడియో చూడాలంటే జహీరాబాద్ దగ్గర మాచ్నూరులో సంఘం రేడియోని చూడండి. 2008 అక్టోబర్‌లో మొదలైంది, 90.4 మీద వస్తుంది, దళిత మహిళలే నడుపుతారు. చిరుధాన్యాల సాగు, పాటలు, ఊరి వైద్యం అన్నీ వాళ్ల మాటల్లోనే. దానికి ఎవరితోనూ పోటీ లేదు, ప్రకటనల బెంగ పెద్దగా లేదు. విజయవాడకి, హైదరాబాద్‌కి ఒకప్పుడు ఎవరి గొంతు వారికి ఉన్నట్టే దానికీ తనదైన గొంతు ఉంది.

ఇంకో ప్రశ్న కూడా మీ మాటల్లో ఉంది, ఎవరు గెలిచారు అని. వినేవాళ్ల సంఖ్యలో చూస్తే పాత కాలంలో పాటల విషయంలో మొదట సిలోన్, తర్వాత వివిధ భారతి. మాటల విషయంలో విజయవాడ నాటకాలకీ ప్రవచనాలకీ సాటి లేదు. ఖమ్మం వాడిగా ఈ మాట అంటున్నానని కాదు, హైదరాబాద్ కేంద్రంలో పనిచేసిన పెద్దవాళ్లే ఒప్పుకునేవారు. పిల్లల కార్యక్రమం, కార్మికుల కార్యక్రమం విషయంలో మాత్రం విజయవాడ వాళ్లు హైదరాబాద్‌ని అందుకోలేదు. ఎఫ్‌ఎం యుగంలో విజేత ఏడాదికోసారి మారేవాడు, ఎవరి హోర్డింగ్ మీద వాళ్లే నంబర్ వన్.

మీరు మామయ్యగారితో కూర్చుని ఈ విషయాలు రాసుకోవాలనుకుంటే ఒక సలహా. "ఏ స్టేషన్ ఇష్టం?" అని అడిగితే ఒక్క ముక్కలో జవాబు వస్తుంది. పొద్దున లేవగానే రేడియో ఎవరు ఆన్ చేసేవారు, ఏ కార్యక్రమం వస్తే ఇంట్లో ఏ పని మొదలయ్యేది, ముల్లు తిప్పే హక్కు ఎవరిది, రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు ఎవరు కట్టేవారు అని అడగండి. ఢిల్లీ నుంచి 7.05 తెలుగు వార్తలకి బడికి తయారైన పిల్లలు, సంస్కృత వార్తలకి పాలు కాగబెట్టిన తల్లులు బయటికి వస్తారు. పాత రికార్డింగులు ఇంటర్నెట్‌లో చాలానే దొరుకుతున్నాయి. ప్రసార భారతి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఇప్పుడు విజయవాడ, హైదరాబాద్, విశాఖ, కడపతో పాటు జిల్లా కేంద్రాలు కూడా ఫోన్‌లోనే వినవచ్చు. ఆయనకి ఒక పొద్దున భక్తిరంజని పెట్టి వినిపించండి, మిగతా కబుర్లు ఆయనే చెబుతారు.

ఇది చదివేవాళ్లలో ఆదిలాబాద్, కొత్తగూడెం, మార్కాపురం, అనంతపురం లాంటి చిన్న కేంద్రాల్లో మొదటి రోజుల్లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే కింద రాయండి. ముఖ్యంగా అప్పటి క్యూ షీట్లు (ప్రసారాల వరస రాసుకున్న కాగితాలు), శ్రోతల ఉత్తరాలు ఎవరి దగ్గరైనా ఉంటే పారేయకండి, ఫోటో తీసి పెట్టండి. పెద్ద కేంద్రాల చరిత్ర కొంతైనా పుస్తకాల్లోకి ఎక్కింది. వీటిది ఇంకా మనుషుల దగ్గరే ఉంది.